అత్తగారిది పడింది

మోటారు విడిపించుకుని మధ్యాహ్నానికల్లా బోరులో దింపాలి. ఆ ఉదయం అల్లుడి ఆలోచన ఇంతే. మొక్కజొన్న ఆకులు చుట్టుకుపోతున్నాయి. ఇంకో రెండు రోజులు నీళ్లు లేకపోతే పంట పశువుల మేతకే. మెకానిక్కేమో డబ్బు చూపించందే మోటారు కదలదంటున్నాడు.

పొలం అత్తగారి పేరున ఉంది కాబట్టి సర్కారువారి సాగు సబ్సిడీ ఆవిడ ఖాతాలోనే పడుతుంది. అక్కడే వచ్చింది చిక్కు. "నువ్వు చూసుకునేది నన్ను కాదు, నా సబ్సిడీని. ఈసారి పడితే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసేస్తా, పైసా ఇవ్వను" అని రాత్రే తేల్చేసి, పొద్దున్నే బ్యాంకుకి వెళ్లిపోయింది.

అల్లుడు మెకానిక్ కొట్లో ఫోను చార్జింగుకి పెట్టి, అప్పు అడగడానికి ఎదురు కొట్టుకి వెళ్లాడు. అంతలో బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఖాతాకి ఇచ్చిన నంబరు అల్లుడిదే మరి. గ్రైండర్ గోలలో విన్నంత విని, మెకానిక్ రోడ్డవతలికి కేకేశాడు.

"అన్నా! మీ అత్తగారు పడిందట!"

"ఎక్కడ?"

"బ్యాంకులోనట!"

"అయ్యయ్యో! గట్టిగా పడిందా?"

"రెండూ ఒకేసారి పడ్డాయట! నిరుడు పడాల్సింది కూడా ఇప్పుడే పడిందట!"

అల్లుడికి అర్థమైపోయింది. రెండూ అంటే మోకాళ్లే. నిరుడు స్నానాల గదిలో జారి, తలుపు పట్టుకుని బతికిపోయింది కూడా. అనుమానానికి ఇక చోటెక్కడిది? పరుగున వచ్చి పెళ్లానికి ఫోను చేశాడు.

"ఏమే, మీ అమ్మ... బ్యాంకులో పడిందే!"

"హమ్మయ్య! ఎంత పడింది?"

"హమ్మయ్య ఏమిటే? రెండూ ఒకేసారి పడ్డాయట!"

"నా తల్లే! ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయండీ. ఇంకా పడాల్సింది ఏమైనా ఉందేమో అడగండి!"

కన్నకూతురు అనాల్సిన మాటలేనా ఇవి? ఫోను పెట్టేశాడు. ఆవిడను పడుకోబెట్టి తేవడానికి మెకానిక్ మంచాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని బ్యాంకుకి పరిగెత్తించాడు.

"మా అత్తగారు..." అన్నాడు రొప్పుతూ.

"ఆవిడదా? ఇందాకే తీసేశారుగా" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "ఇక అందులో ఏమీ లేదు."

అంతే, అల్లుడు నేల మీద కూలబడ్డాడు. ఇంతలోనే ప్రాణం పోయి, శవాన్ని కూడా తీసేశారన్నమాట! జనమంతా చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఘొల్లుమన్నాడు. "అత్తయ్యా! పొలం చేతికిచ్చిన తల్లివి! ఒక్కరోజైనా నీతో మంచిగా మాట్లాడానా? మోటారూ వద్దు, సబ్సిడీ వద్దు, నువ్వు లేచిరా చాలు!"

డిపాజిట్ చేద్దామని పక్క కౌంటర్లో డబ్బు పట్టుకుని నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరిగింది. తన చావు వార్త తనకే కొత్త. అయినా ఆ ఏడుపు వింటుంటే ఆవిడ కళ్లూ చెమర్చాయి.

"లే నాయనా, నాకేం కాలేదు. పడింది నేను కాదు, సబ్సిడీ! రెండు విడతలూ కలిపి పడ్డాయి" అంటూ కట్ట మొత్తం అతని చేతిలో పెట్టింది. "నువ్వు నా డబ్బు కోసమే ఉన్నావనుకున్నాను. పాడు బుద్ధి నాది. వెళ్లి మోటారు తెచ్చుకో."

అల్లుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కట్ట జేబులోకి వెళ్లాకే బుర్ర కాస్త కుదుటపడింది.

"అవునూ, ఈ సంగతి నా కూతురికి కూడా చెప్పావా?" అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "పిచ్చిది, పడ్డానని వినగానే ఏమైపోయిందో!"

అల్లుడు జేబు మీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టాడు.

"దానికి నోట మాట రాలేదత్తయ్యా."

చేను ఎండిపోతున్నవాడు చెప్పింది అబద్ధాల లెక్కలోకి రాదు.