మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు వంటింట్లోకి అడుగు పెట్టగానే నవ్వాలి. పళ్ళు కనిపించాలి, చిగుళ్ళు కనిపించకూడదు. ఆ తర్వాత కోడలు ఏ లోపం ఎత్తి చూపినా మర్యాదగా జవాబు చెప్పాలి. హోటలు పనుల శిక్షణ కేంద్రంలో మేడమ్ ఇచ్చిన హోంవర్కు అది. "పరీక్ష అయ్యేదాకా ఇంట్లో అందర్నీ అతిథులే అనుకోండి. ఎంత సాధన చేస్తే అంత మంచిది," అని మేడమ్ మరీ మరీ చెప్పింది.

అత్తగారు ఆ కేంద్రంలో చేరిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మోకాళ్ళ నొప్పికి వ్యాయామం చేయించుకోవడానికి క్లినిక్కు వెళ్తున్నానని చెప్పి రోజూ మధ్యాహ్నం బయలుదేరేది. దాచడానికి కారణం ఉంది. ఆవిడ నోటికి జడిసి పాలవాడు ప్యాకెట్లు గేటు మీద పెట్టి పరుగెత్తేవాడు. అలాంటి మనిషి అతిథి మర్యాదలు నేర్చుకుంటోందని తెలిస్తే కోడలు పడీ పడీ నవ్వుతుంది. తీరా పరీక్ష తప్పితే ఆ నవ్వు ఏళ్ళ తరబడి సాగుతుంది.

చేరడానికీ ఒక కారణం ఉంది కానీ, దాన్ని ఆవిడ తనలో తను కూడా పైకి అనుకోలేదు. కోడలు వచ్చాక వంటిల్లు చేయి మారింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పుడు తనే అడగాల్సి వస్తోంది. ఎవరో ఒకరు వచ్చి తనను ఏదో ఒకటి అడిగే చోటు ఎక్కడైనా ఉంటే బాగుండుననిపించింది.

కోడలు వచ్చింది. స్టవ్ పక్కనున్న కప్పు అందుకుని ఒక గుక్క తాగి, అలవాటుగా గొణిగింది. "కాఫీ చల్లారిపోయింది."

మామూలు రోజైతే "చల్లారితే వేడి చేసుకో, చేతులు అరువిచ్చావా?" అని రావాలి. కోడలు దానికి సిద్ధంగానే ఉంది. అత్తగారు రెండు చేతులూ ముందుకు కట్టుకుని, తల కాస్త వంచి, నవ్వింది.

"మీ కాఫీ చల్లారినందుకు చింతిస్తున్నామండీ. వేడివేడిగా ఇంకొకటి తెచ్చివ్వమంటారా?"

కోడలు కప్పు కింద పెట్టేసింది. వెనక్కి చూసుకుంటూ పడగ్గదిలోకి వెళ్ళి మొగుణ్ణి తట్టి లేపింది.

"ఏవండీ, మీ అమ్మ నన్ను 'మీరు' అంది."

"ఎవర్ని?" అన్నాడతను దుప్పట్లోంచి.

"నన్నే!"

"నీ వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమో, సరిగ్గా చూశావా?"

ఆ మాట పూర్తయ్యేలోపు తలుపు మీద టక్‌టక్‌మని తట్టిన చప్పుడైంది. "హౌస్‌కీపింగ్! గది శుభ్రం చేసుకోవచ్చాండీ?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గది వదిలి బయటికి రావడం తప్ప వాళ్ళకు వేరే దారి తోచలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పక్క దుప్పటి నాలుగు మూలలా పరుపు కిందికి ఎంత బిగించి దోపి ఉందంటే, అందులో కాలు దూర్చడానికి కొడుకు ఒక పక్కనుంచి తవ్వుకుంటూ రావాల్సి వచ్చింది. మంచం నడుమ తువ్వాలుతో చేసిన హంస ఒకటి కూర్చుని ఉంది.

కోడలు వెంటనే పుట్టింటికి ఫోను చేసింది.

"మంచం మీద హంసా?" అంది తల్లి. "మెడ ఎటు తిరిగుంది?"

"నా దిండు వైపే అమ్మా."

"అయితే ఏదో మనసులో పెట్టుకునే చేసింది. నువ్వేం మాట్లాడకు. నేనొస్తున్నా."

కొడుక్కి వేరే అనుమానం వచ్చింది. మనుషులు ఉన్నట్టుండి మెత్తబడేది ఎప్పుడు? డాక్టరు ఏదో చెప్పినప్పుడు. మోకాళ్ళ క్లినిక్కుకు ఫోను చేశాడు. అక్కడి అమ్మాయి వెతికి చూసి, అలాంటి ఆవిడెవరూ తమ దగ్గరికి రావడం లేదంది. అతను ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రోజూ ఎక్కడికి వెళ్తోంది మరి? ఏ పెద్దాసుపత్రికి? ఆఫీసుకు సెలవు పెట్టి, అమ్మ చేతిలోంచి చీపురు లాక్కున్నాడు.

"నువ్వు కూర్చో అమ్మా. ఇన్నాళ్ళూ చేసింది చాలు."

"అతిథులు పని చేయకూడదు," అంది అత్తగారు పొరపాటున.

ఆ మాట కొడుకు గుండెల్లో గుచ్చుకుంది. ఈ లోకంలో మనమంతా అతిథులమే అంటోంది కాబోలు అనుకుని, చీపురుతో సహా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత అమ్మకు పెద్ద జబ్బేదో వచ్చిందని కోడలికీ చెప్పాడు. ఆ క్షణం నుంచి ఇంట్లో ఎవరూ అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు. కాఫీ ఎలా ఉన్నా అమృతంలా ఉందన్నారు. ఫ్యాను కిర్రుమంటున్నా సంగీతంలా ఉందన్నారు. అత్తగారికి కాలూ చేయీ ఆడలేదు. ఫిర్యాదులే లేకపోతే సాధన ఎలా? పరీక్ష మర్నాడే. సాయంత్రం ఉండబట్టలేక కోడలి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"మా వల్ల ఏమైనా లోపం జరిగుంటే మొహమాటపడకుండా చెప్పండి. మీ అభిప్రాయం మాకు చాలా విలువైంది."

కోడలు భోరుమంది. "మీ వల్ల ఏ లోపమూ లేదత్తయ్యా. తప్పులన్నీ నావే. నన్ను క్షమించండి!"

అత్తగారు హతాశురాలై వెనుదిరిగింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగి వియ్యపురాలు దిగింది. ఆవిడను చూడగానే అత్తగారి మొహం వెలిగిపోయింది. కొత్త అతిథి! ఎదురెళ్ళి సంచీ అందుకుంది.

"ప్రయాణం సుఖంగా జరిగిందా మేడమ్?"

పెద్ద పోట్లాటకు దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చిన వియ్యపురాలికి వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. అత్తగారు ఆవిడను గదిలోకి నడిపించి, లైటు వేసి, ఫ్యాను వేసి, కిటికీ ఎలా తీయాలో చూపించి, నీళ్ళ గ్లాసు పెట్టి, పాఠంలో ఉన్న ఆఖరి ప్రశ్న కూడా వినయంగా అడిగేసింది.

"గది ఎప్పుడు ఖాళీ చేస్తున్నారండీ?"

వియ్యపురాలు విసురుగా కూతురి దగ్గరికి వచ్చింది. "వచ్చి ఇంకా నీళ్ళయినా తాగలేదు, ఎప్పుడు పోతావని అడుగుతోంది!"

"గట్టిగా అరవకమ్మా," అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "ఆవిడకు బాగోలేదు."

మర్నాడు అత్తగారు ఇస్త్రీ బట్టల సంచీతో బయలుదేరగానే ముగ్గురూ వెనకే ఆటో ఎక్కారు. ఆవిడ ఒక పెద్ద భవనంలోకి వెళ్ళింది. పొడవాటి వరండా, తళతళలాడే నేల, అటూ ఇటూ హడావిడిగా తిరుగుతున్న తెల్లకోట్లు. అది కచ్చితంగా ఆసుపత్రేనని కొడుకు తేల్చేశాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్న మేడమ్ వీళ్ళను చూసి ఎదురొచ్చింది. పరీక్ష భోజనానికి అతిథులుగా పిలిచిన ఆఫీసువాళ్ళు ఎగ్గొట్టడంతో ఆవిడ ఎవరు దొరికితే వాళ్ళను కూర్చోబెట్టే స్థితిలో ఉంది.

"రండి రండి, మీలాంటివాళ్ళ కోసమే చూస్తున్నాం."

"ఇప్పుడే లోపలికి వచ్చారే, ఆ పెద్దావిడ..." కొడుకు మాట మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆవిడకు ఇంకా ఎన్నాళ్ళండీ?"

"ఎన్నాళ్ళేమిటి, ఇవాళ్టితో అయిపోతుందిగా!" అంది మేడమ్ హుషారుగా.

కొడుకు తలుపు చెక్క పట్టుకున్నాడు. కోడలు అతన్ని పట్టుకుంది. కోడల్ని వియ్యపురాలు పట్టుకుంది.

"మొదట్లో మాకూ ఆశ లేదండీ," అంది మేడమ్ వాళ్ళను లోపలికి నడిపిస్తూ. "కానీ గట్టి మనిషి. ఒక్కరోజు మానలేదు. ఎంత కష్టపెట్టినా నవ్వుతూనే ఉన్నారు."

ముగ్గుర్నీ తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో ఇన్ని ఫోర్కులెందుకో వియ్యపురాలికి అర్థం కాలేదు. మేడమ్ ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"ఇది మా హోటల్ కోర్సు ఆఖరి పరీక్ష. మా స్టూడెంటు సూపు తనే కాచి మీకు వడ్డిస్తారు. మీరు ఎన్ని వంకలు పెడితే అంత మేలు. ఫిర్యాదు లేకపోతే ఆవిడకు మార్కులు రావు. మొహమాటం పెట్టుకోకండి."

వంటగది తలుపు తెరుచుకుంది. తెల్లకోటు, మెడలో నల్ల బో టై, చేతిలో సూపు గిన్నెల ట్రే, వాటి వెనక అత్తగారు.

గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆవిడ అక్కడే ఆగిపోయింది. వెనక్కి వెళ్దామంటే స్తంభం పక్కన మేడమ్ చూస్తోంది. ఊపిరి పీల్చుకుని నడిచి వచ్చి, చిగుళ్ళు కనపడకుండా నవ్వింది.

"స్వాగతమండీ. ఇవాళ మీకు వడ్డించే అవకాశం నాకు దక్కింది."

కొడుకు ఎదురుగా ఉన్న నీళ్ళు గటగటా తాగేశాడు. అమ్మకు ఏమీ కాలేదు! కోడలికి మొదట ఆనందంతో కళ్ళు చెమర్చాయి. తర్వాత నిన్నంతా ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. ఆపైన మేడమ్ చెప్పిన మాట గుర్తొచ్చింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది.

"సూపు చల్లగా ఉంది," అంది, ఇంకా రుచి చూడకుండానే.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. వెంటనే మారుస్తాం."

"చెంచా మీద మరక ఉంది. కుర్చీ కుంటుతోంది. మీరు నా నెత్తి మీద నిలబడి చూస్తున్నారు." ఇక్కడితో హోటలుకు సంబంధించినవి అయిపోయాయి. కోడలు ఆగలేదు. "పోయినేడాది నా ఆకుపచ్చ చీర ఇస్త్రీపెట్టెతో కాల్చి బీరువా వెనక దాచారు."

పక్క బల్లలవాళ్ళు తినడం ఆపారు. ఫిర్యాదును అతిథి మాటల్లోనే మళ్ళీ చెప్పాలన్నది మేడమ్ నేర్పిన నియమం. అత్తగారు నవ్వు చెదరనివ్వకుండా తల వంచింది.

"మీ ఆకుపచ్చ చీర మా చేతిలో కాలింది, చెప్పకుండా దాచాం, ఇదీ మీ ఫిర్యాదు. పొరపాటు మాదేనండీ. కొత్తది తెప్పిస్తాం."

మేడమ్ స్తంభం పక్కన తల ఊపింది. కోడలికి ఊపు వచ్చింది.

"నేను ఫోన్లో మాట్లాడుతుంటే టీవీ సౌండు తగ్గించి మరీ వింటారు."

"ఇకపైన పెంచుతామండీ."

"నన్ను ఎప్పుడు ఖాళీ చేస్తావన్నారు!" అని వియ్యపురాలు కూడా అందుకుంది.

"మీకు నచ్చినన్నాళ్ళు ఉండండి మేడమ్."

"ఇంక చాలే," అని కొడుకు భార్య మోచేతిని తాకాడు. ఆమె చేయి విదిలించుకుంది. ఇంకో మాట కోసం వెతుక్కుంది. దొరికిన మాట మాత్రం తను అనుకున్నంత గట్టిగా బయటికి రాలేదు.

"ఇన్నేళ్ళలో నా వంట బాగుందని ఒక్కసారీ అనలేదు మీరు."

అత్తగారి నవ్వు చెదిరింది. దీనికి పాఠంలో వాక్యం లేదు. ట్రే బల్ల మీద పెట్టి, కోటు అంచు సర్దుకుంది.

"బాగుంటుందే," అంది మామూలు గొంతుతో. "అందుకే అనలేదు."

"అందుకే ఏమిటత్తయ్యా?"

"నీ వంట బాగుందని నేనే ఒప్పుకుంటే, ఇంక ఆ ఇంట్లో నన్నెవరు ఏమడుగుతారే?"

కోడలు ట్రేలోంచి ఒక గిన్నె అందుకుని చెంచాతో సూపు తాగింది. ఒక గుక్క, ఇంకో గుక్క. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టింది.

"బాగుంది," అంది. "ఇందులో ఏం వేశారు?"

అత్తగారు ఏం వేసిందో చెప్పింది. ఎప్పుడు వేయాలో, ఎంతసేపు మరిగించాలో, మంట ఎలా ఉండాలో కూడా చెప్పింది. చెబుతూ చెబుతూ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. వడ్డించేవాళ్ళు అతిథుల బల్ల దగ్గర కూర్చోవడం ఆ పరీక్షలో అన్నిటికంటే పెద్ద తప్పు. మేడమ్ గబగబా అక్కడికి వస్తుంటే కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

"ఆవిడ పాసయ్యారు," అంది మేడమ్. "కూర్చున్నందుకు మార్కులు కోసినా పాసే. రేపట్నుంచి మా కేంద్రం నడిపే హోటల్ రిసెప్షన్‌లో ఫిర్యాదులు వినే పని ఆవిడదే. నేనొచ్చింది ఈవిడ కోసం." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత నిఖార్సుగా సతాయించిన అతిథిని నేను చూడలేదమ్మా. మా పిల్లలకు ప్రాక్టీసు ఇవ్వడానికి మీలాంటివాళ్ళే కావాలి. ఉద్యోగం చేస్తారా?"

ఇప్పుడు అత్తాకోడళ్ళు రోజూ ఒకే ఆటోలో వెళ్తున్నారు. ఒకరు పగలంతా ఫిర్యాదులు చేస్తారు, మరొకరు పగలంతా వింటారు. సాయంత్రం ఇంటికి వచ్చాక మాత్రం ఒకరినొకరు చిన్న మాటైనా అనుకోవడం లేదు. జీతం లేకుండా పని చేయకూడదని ఇద్దరూ నిర్ణయించుకున్నారట.