ఫెలోషిప్ వచ్చేదాకా పాడొద్దు నాయినమ్మా

మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన జరగకుండా కాపాడుతున్న గ్రాంట్లకూ ఫెలోషిప్పులకూ మనమంతా చేతులెత్తి మొక్కాలి.

కంగారుపడి పేజీ తిప్పేయకండి. దేశంలోని పరిశోధకులందరూ అప్లికేషన్లు రాయడం మానేసి, నిజంగానే పరిశోధన మొదలుపెట్టారనుకోండి. ఏమవుతుంది? రోజుకో కొత్త సంగతి బయటపడుతుంది. సిలబస్ మార్చాలి. ఉద్యోగంలో చేరిన నాటి నోట్సునే ఇప్పటికీ చెప్పుకుంటున్న పెద్దమనుషులు మళ్ళీ పుస్తకాలు తెరవాలి! రిటైర్మెంటు దగ్గరపడ్డ వాళ్ళకు ఆ శిక్ష అవసరమా?

అందుకే ఏలినవారు ముందుచూపుతో పరిశోధకుడి చేతికి ఒక అప్లికేషన్ ఇచ్చారు. అది నింపేసరికి గడువు పొడిగిస్తారు. పొడిగించిన గడువు చివరి రోజున పోర్టల్ పడుకుంటుంది. అది లేచేసరికి మార్గదర్శకాలు మారతాయి. ఈలోగా పరిశోధకుడికి పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, జుట్టు ఊడుతుంది. జీవితం ఏ ఆటంకమూ లేకుండా సాగిపోతుంది.

దీనివల్ల బతుకుతున్న వాళ్ళనైనా చూడండి. ఉప్పల్ రింగురోడ్డు పక్కన స్పైరల్ బైండింగ్ చేసే దుకాణాలన్నీ ఎవరి పుణ్యాన నడుస్తున్నాయి? ఆన్‌లైన్లో పంపిన అప్లికేషన్నే మళ్ళీ అయిదు కాపీలు కాగితం మీద పంపమనే నిబంధన పుణ్యాన. పర్యావరణం మీద పరిశోధనకైతే ఏడు కాపీలు!

ఇక బుద్ధి వికాసం సంగతి. నాకు తెలిసిన వృక్షశాస్త్రం మాస్టారొకాయన గోడల మీది నాచును చదువుకుంటూ ఉండేవారు. ఒక ఏడు గ్రాంట్ల నోటిఫికేషన్ స్మార్ట్ సిటీల మీద వచ్చింది. రాత్రికి రాత్రి నాచు కాస్తా ‘స్మార్ట్ గోడల సజీవ పూత’ అయి కూర్చుంది. సంస్కృత వ్యాకరణం చెప్పే ఇంకొకాయన, డ్రోన్ల మీద నోటిఫికేషన్ పడిన ఏడు, పొలాల మీద ఎగురుతూ సంధి సూత్రాలు వల్లించే డ్రోన్‌కు ప్రతిపాదన పంపారు. నోటిఫికేషన్లే లేకపోతే ఇంతటి ఊహాశక్తి మన మాస్టార్లలో ఉందని ఎవరికి తెలిసేది?

తార్నాకలో ఒకచోట ‘గ్రాంటు అప్లికేషన్ రాయడం ఎలా’ అని వర్క్‌షాపు పెడితే నేనూ వెళ్ళాను. భోజనం బాగుంది. పాఠం చెప్పిన పెద్దమనిషికి అప్పటివరకు ఒక్క గ్రాంటూ రాలేదట. ఆ వర్క్‌షాపు పెట్టడానికే మొదటిసారి వచ్చిందట.

ఇవన్నీ గాలి కబుర్లని మీరు అనుకోవచ్చు. అందుకని మా ఇంటి ఓనరుగారి అమ్మాయి ఉమారాణి సంగతి చెబుతాను.

మేం కాకినాడ వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ వాళ్ళం. స్థిరపడడమంటే గండయ్యగారి ఇంట్లో రెండో అంతస్తులో అద్దెకుండడం. గండయ్యగారిది నాచారమే, అది ఊరుగా ఉన్నప్పటి నుంచీ. ఆయన తల్లి లింగమ్మ. ఒకప్పుడు ఉప్పల్, నాచారం పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళ గుంపుకు ఆవిడే పాట ఎత్తేది, తక్కినవాళ్ళు అందుకునేవారు. గుంపు కొత్త మడిలోకి దిగినప్పుడల్లా ఆ మడి పేరు మీద ఒక చరణం. తూము మడి, గుండ్ల మడి, జిల్లేళ్ళ మడి, సవతుల మడి. ఏది ఎవరిది, నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, ఏ గట్టు మీద ఎవరు జుట్లు పట్టుకున్నారు, అన్నీ ఆ పాటలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ మళ్ళ మీద ఫ్యాక్టరీ షెడ్లు, ఫంక్షన్ హాళ్ళు, మెట్రో పిల్లర్లు ఉన్నాయి. ఆ పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. ఉన్నదల్లా ఆ గుంపులో చివరికి మిగిలిన లింగమ్మగారి నోట్లోనే. ఉమారాణి జానపద సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తోంది. నాయనమ్మ పాటను మొత్తం సేకరించి, ఏ చరణం ఇప్పుడు ఏ వీధి కింద ఉందో చెప్పాలని ఆమె కోరిక. ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి, నాయనా, నువ్వు ఇరుక్కున్నది సవతుల మడిలో అని చెప్పగలిగితే ఎంత బాగుంటుంది!

నేను పేపర్లకు రాస్తానని, అప్లికేషన్ దిద్దిపెట్టమని ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నాలోని మూర్ఖుడు నోరు జారాడు.

“మీ నాయనమ్మ డాబా మీద బియ్యం ఏరుతూ రోజూ పాడుతూనే ఉంటుంది కదమ్మా. నీ చేతిలో ఫోనుంది. రికార్డు చేసేసుకోవచ్చుగా?”

“గట్ల జేస్తే చెల్లదంట సార్. ముందుగాల సాంక్షన్ రావాలె. గా తర్వాత ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలె. అప్పుడు పాడితేనే డేటా. గిప్పుడు పాడేది ఉత్త పాట.”

డేటాకూ ఉత్త పాటకూ తేడా తెలియకుండా ఇన్నేళ్ళు రచయితగా చెలామణి అయినందుకు సిగ్గుపడ్డాను.

ఆమె గైడు ప్రొఫెసర్ చంద్రశేఖర్ గారు ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు. పరిశోధనకు నవ్యత ముఖ్యం. పాట ముందే నలుగురి చెవుల్లో పడితే, ఎవడైనా ఫోనులో పట్టేసి ఎక్కడైనా పెట్టేస్తే, ఇక ఆ సబ్జెక్టుకు విలువ ఉండదు. కాబట్టి సాంక్షన్ వచ్చేదాకా పాటను భద్రంగా ఉంచాలి. శిష్యురాలు గురువు మాట జవదాటే రకం కాదు. ఆ సాయంత్రమే డాబా ఎక్కింది.

“నాయినమ్మా, అప్పుడే పాడకు. ఫెలోషిప్ వచ్చినంక పాడుదువు.”

“పాటకు గూడ ముహూర్తం జూస్తున్రా బిడ్డా?” అంది లింగమ్మగారు. కానీ మనవరాలి చదువుకు అడ్డం రాకూడదు కదా, మానేసింది. ఆ రోజు నుంచి మా డాబా మీద బియ్యం నిశ్శబ్దంగా ఏరబడ్డాయి. మధ్యలో ఎప్పుడైనా ఆవిడకు కూనిరాగం వస్తే, కింద నుంచి ఉమారాణి “నాయినమ్మా” అని గుర్తుచేసేది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ఆ ఏడు నోటిఫికేషన్ వాతావరణ మార్పు మీద వచ్చింది. నాటు పాట వెంటనే ‘వరి మళ్ళలో మీథేన్ ఉద్గారాలపై మహిళల గేయాత్మక అవగాహన’ అయింది. అన్ని శాఖలూ కలిసి పనిచేయాలన్నారు గనక సివిల్ ఇంజినీరింగు నుంచి ఒకాయన్ను జతచేశారు. లింగమ్మగారి గొంతు కంపనాలకు గట్లు ఏ మేరకు తట్టుకునేవో ఆయన తేలుస్తారట. పాటకు పేటెంటు తీసుకునే వీలుందా అని ఒక ప్రశ్న. ఏ నెలలో ఏ చరణం పాడబడుతుందో పట్టిక వేయమన్నారు. పాడే మనిషికి మూడ్ లేకపోతే ప్రత్యామ్నాయ ప్రణాళిక ఏమిటని కూడా అడిగారు. పాట ముక్క కూడా రాని కోడలు పాడుతుందని రాశాం.

ఎనిమిది నెలల తర్వాత జవాబు వచ్చింది. విషయం రెండు ఊళ్ళకే పరిమితం, జాతీయ ప్రాముఖ్యం లేదట. మా క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున ఆ కమిటీ సభ్యుల్లో ఒక్కరు మెట్రో దిగి చూసినా ఉప్పల్ జాతీయ ప్రాముఖ్యం తెలిసొచ్చేది!

మరుసటి ఏడు కృత్రిమ మేధ వచ్చింది. పాట మళ్ళీ పేరు మార్చుకుంది. ఈసారి ఫైలు రెండు మెట్లు పైకెక్కింది. పాడే మనిషి అంగీకార పత్రం ముందుగానే పంపమన్నారు. పన్నెండు పేజీల ఇంగ్లీషు పత్రం తెచ్చి, చివర వేలిముద్ర వేయమంటే లింగమ్మగారు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఏందిది?”

“ఏం లేదు నాయినమ్మా. నువ్వు పాడనీకి ఒప్పుకున్నట్టు.”

“నేను ఏలిముద్ర ఏసినప్పుడల్లా ఒక మడి పోయింది బిడ్డా. మీ తాత గిట్లనే ఏం లేదు ఏం లేదనుకుంట ఏపిచ్చిండు. ఇగ ఉన్నది గీ పాటొక్కటే.”

ఉమారాణి సిరాడబ్బాను పక్కకు జరిపింది. నేనూ బలవంతపెట్టలేదు, అలా పోయిన ఒక మడి డబ్బుతో కట్టిన ఇంట్లోనే నేను అద్దెకుంటున్నాను మరి. చివరికి మనవరాలి ముఖం చూసి ఆవిడే బొటనవేలు సిరాలో ముంచింది. అంగీకారం ఢిల్లీ వెళ్ళింది. వెళ్ళి అక్కడ హాయిగా విశ్రాంతి తీసుకుంది.

ఈ మధ్యలో రంజిత్ వచ్చాడు. గండయ్యగారి అన్న కొడుకు. చిల్కానగర్లో ఉంటూ పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు, యూట్యూబ్ ఛానెల్ ఒకటి ఉంది. వీడు ఏ సంస్థకూ అప్లై చేయలేదు. జాతీయ ప్రాముఖ్యం గురించి ఆలోచించలేదు. సివిల్ ఇంజినీరును సంప్రదించలేదు. ఉమారాణి యూనివర్సిటీకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం డాబా ఎక్కి, “నాయినమ్మా, జర మస్తుగ ఒకటి పాడు” అన్నాడంతే.

ఆవిడ ముఖం వెలిగిపోయిందట. పాడమని అడిగిన మనిషి కనబడి ఎన్నాళ్ళయిందో మరి. ‘తూము మడిల దిగితి వదినా, గల్లుమన్నయి గాజులు’ అని ఎత్తుకుంది. గుండ్ల మడిలోకి దిగబోతుంటే రంజిత్ ఆపేశాడు.

“సాలు నాయినమ్మా. రీలుకు గిది సరిపోతది.”

దానికి డీజే కొట్టాడు. గల్లు గల్లు గల్లు గల్లుమన్నయి గాజులు! బోనాలకు ఉప్పల్ నుంచి నారపల్లి దాకా అదే మోత. పెళ్ళి బరాత్‌లో అదే, వినాయకుడి నిమజ్జనంలో అదే. లింగమ్మగారిని జనం డీజే నాయినమ్మ అన్నారు. ఫంక్షన్లకు కారు పంపి తీసుకెళ్ళి, శాలువా కప్పి, పాడించుకున్నారు. అందరికీ కావలసింది ఆ ఒక్క చరణమే. ఆవిడ స్టేజీ మీద నిలబడి, నోటితో డప్పు కూడా కొడుతూ పాడేది. సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని నేనెందుకు తప్పుపడతాను? కోరి అడిగారు, పాడింది.

ఉమారాణి మాత్రం తిండి మానేసినంత పనిచేసింది. చంద్రశేఖర్ గారు ధైర్యం చెప్పారు. అంతా మన మంచికేనమ్మా, పాటకు ప్రాచుర్యం వచ్చింది గనక ఇప్పుడు అప్లికేషన్లో సామాజిక ప్రభావం అనే గడి కూడా నింపొచ్చు అన్నారు. నింపారు. నమ్మండి నమ్మకపోండి, ఫెలోషిప్ వచ్చింది!

వచ్చాక మైకు కొనడానికి మూడు కొటేషన్లు, ఎథిక్స్ కమిటీ మీటింగు, మీటింగుకు కోరం లేక వాయిదా, మళ్ళీ మీటింగు. అన్నీ సక్రమంగా జరిగాయి. ఒక ఆదివారం ఉదయం డాబా మీద చాప పరిచి, నాయనమ్మ ముందు కొత్త మైకు పెట్టింది ఉమారాణి. పేరాలు దిద్దిన పెద్దమనిషినని నన్నూ పిలిచింది.

“ఇగ పాడు నాయినమ్మా.”

లింగమ్మగారు గొంతు సవరించుకుని తూము మడిలోకి దిగింది. గాజులు గల్లుమన్నాయి. గల్లు గల్లుమన్నాయి. తర్వాత నోటితో డప్పు మొదలైంది.

“గది కాదు నాయినమ్మా. నాట్లకాడ పాడేది. తూము మడి అయినంక గుండ్ల మడి, గా తర్వాత జిల్లేళ్ళ మడి.”

ఆవిడ తలూపి మళ్ళీ ఎత్తుకుంది. తూము మడి దాటి గట్టు దాకా వచ్చి ఆగింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. చేత్తో గాలిలో నారు గుచ్చుతున్నట్టు వేళ్ళు ఆడించింది. మళ్ళీ మొదటికి వెళ్ళి, పరుగున వచ్చి, అదే గట్టు దగ్గర ఆగింది. తర్వాతి మాట దొరకలేదు. పేర్లు మాత్రం చెప్పగలిగింది, కొన్ని. ఎవరిదో, నీళ్ళెటో, ఎవరు కొట్టుకున్నారో దొరకలేదు. పాటలో పడితేనే గుర్తుకొచ్చే సంగతులవి.

“యాదికి వస్తలేదు బిడ్డా.”

“మూడేండ్ల కింద గూడ పాడినవు గద నాయినమ్మా. గీడనే కూసొని పాడినవు.”

“నువ్వు పాడొద్దంటివి గద,” అంది లింగమ్మగారు. తప్పుపట్టలేదు, సర్దిచెప్పింది. “వద్దన్నదాన్ని ఎన్ని దినాలని యాదికుంచుకోవాలె?”

మైకు చాలా మంచిది. ఆ తర్వాత కాసేపు ఉమారాణి ఏడ్చిన ఏడుపు కూడా స్పష్టంగా రికార్డయింది. నిబంధనల ప్రకారం చూస్తే అది కూడా డేటానే.

కోపం రాదా చెప్పండి? నాకు వచ్చింది. ఒక అమ్మాయి ఒకే కప్పు కింద, ఒకే కంచంలో తింటున్న నాయనమ్మ దగ్గర పాట నేర్చుకోవడానికి ఢిల్లీ నుంచి అనుమతి కోసం ఎదురుచూసింది. అలా ఎదురుచూడడమే క్రమశిక్షణ అని మేమందరం ఆమెను మెచ్చుకున్నాం. ఏ అనుమతీ లేకుండా వచ్చినవాడు ఒక ముక్క కోసుకుపోయాడు. అనుమతితో వచ్చిన పిల్లకు ఆ ముక్క ఒక్కటే మిగిలింది. ఇందులో ఎవరూ నిబంధన తప్పలేదు, అదే నా బాధ.

అయినా గ్రాంట్లిచ్చేవారి దయకు అంతుంటుందా? మొన్ననే చంద్రశేఖర్ గారు కొత్త నోటిఫికేషన్ పంపారు. పూర్తిగా అంతరించిపోయిన మౌఖిక గేయాల మీద పరిశోధనకు ఫెలోషిప్, అన్ని శాఖలవారూ అర్హులే. పాడగలిగినవారు ఎవరూ మిగలలేదని ధ్రువీకరించాలి.

ఉమారాణి ఫోను తెచ్చి నాకు చూపించింది. దిద్దిపెట్టమని తెచ్చిందనుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆమె కూర్చోలేదు.

“గీ ఒక్కదానికి నాకంటె అర్హత ఎవ్వరికి లేదు సార్,” అంది.