అయిదక్షరాల తాళం

పదకొండింటికల్లా కేకు ప్లీడరుగారింట్లో ఉండాలి. ఆ ఉదయం కోడలికి వేరే ఆలోచన లేదు. మూడంతస్తుల కేకు, పైన చక్కెర గులాబీలు. ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. ప్లీడరుగారి భార్యకి నచ్చిందా, లేడీస్ క్లబ్బు పార్టీలన్నీ చేతికొచ్చినట్టే. నచ్చలేదా, "నీకెందుకమ్మా ఈ వ్యాపారాలు" అనడానికి చుట్టాలు కాచుకుని కూర్చున్నారు.

అన్నీ సవ్యంగానే ఉన్నాయి, మామగారు తప్ప.

ఆయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. బడి ఆయన్ని వదిలింది గానీ ఆయన బడిని వదల్లేదు. మనవరాలికి ఇంగ్లీషు వంటబట్టడం లేదని ఎక్కణ్ణించో ఒక తాళం పట్టుకొచ్చారు. దానికి తాళంచెవి ఉండదు. అయిదు చక్రాలు, వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు. రోజుకో మాట పెట్టి గేటుకి బిగించి, వంటింటి పలక మీద ఒక్క అక్షరం రాస్తారు. ఆ అక్షరం ఉన్న అయిదక్షరాల మాట కనిపెట్టినవాళ్లకే వీధి మొహం చూసే భాగ్యం. ఎంత బతిమాలినా చెప్పరు. "అడిగితే వచ్చేది చదువు కాదమ్మాయ్, అరువు" అంటారు. ఈ బాధ పడలేకే కొడుకు తెల్లారకుండా ఆఫీసుకి పారిపోతున్నాడు.

ఆ రోజు పలక మీద 'వీ' ఉంది. మాస్టారు మాత్రం లేరు. గడ్డం గీయించుకోవడానికి వెళ్తూ తాళం గేటుకి బయటివైపు వేసిపోయారు. ఫోను టీవీ పక్కనే వదిలేశారు.

"అయ్యో నా ఖర్మ!" అంది కోడలు. కడ్డీల్లోంచి చెయ్యి పెడితే తాళం తగులుతోంది గానీ అక్షరాలు కనిపించడం లేదు. సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు కూరల సంచీతో వస్తున్నారు. ఆవిడది వెన్నలాంటి మనసు. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

"పిన్నిగారూ, కాస్త ఆ చక్రాలు తిప్పి పెడుదురూ!"

"అదెంత భాగ్యం! ఏం తిప్పాలో చెప్పు."

"ఓవెన్" అంది కోడలు. పొద్దున్నించీ కళ్ల ముందున్నది అదే మరి.

"నాలుగేనమ్మా" అంది కూతురు వేళ్లు మడిచి.

రివర్ తిప్పారు. తాళం కదల్లేదు. సెవెన్ తిప్పారు. ఊహూఁ. ఓటర్, లెవెల్ కూడా అయ్యాయి. పిన్నిగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. లోపల కేకు మీది క్రీము కూడా జారడానికి సిద్ధంగా ఉంది.

"అమ్మా, ఫీవర్!" అని గెంతింది పిల్ల.

"అవునే! ఫీవర్! పిన్నిగారూ, ఫీవర్!" అని కోడలు వీధంతా వినపడేలా అరిచింది.

ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ అంతకుముందు మాటలేవీ వినలేదు, ఇదొక్కటే విన్నది. బయట తాళం పడిన గేటునీ, లోపల కడ్డీలు పట్టుకున్న తల్లీపిల్లల్నీ చూసింది.

"పిన్నిగారూ! దాన్ని ముట్టుకోకండి! వాళ్లింట్లో ఫీవరట, అందుకే బయట తాళం వేసినట్టున్నారు!"

"అమ్మో! ముందే చెప్పొద్దూ!" అంటూ పిన్నిగారు చెయ్యి వెనక్కి లాక్కుని, కొంగుతో తుడుచుకుంటూ ఇంట్లోకి పరుగెత్తారు.

"జ్వరం కాదండీ, అదొక మాట!" అని కోడలు మొత్తుకుంది. వినేవాళ్లెవరు? ఆ కబురు పిన్నిగారి ఫోనులో పుట్టి వీధి చివరికి చేరేసరికి ఇంటిల్లిపాదికీ జ్వరం, అందులో ఒకరికి మాట కూడా పడిపోయింది.

కాసేపటికి ప్లీడరుగారి భార్య ఫోను చేసింది. "కేకు పంపకమ్మా. జ్వరాలున్న ఇంటి నుంచి ఎలా తెప్పించుకోను? ఏమీ అనుకోకు."

చక్కెర గులాబీలు చూసేసరికి కోడలికి ఏడుపు ఆగలేదు.

కబురు మంగలి షాపుకీ చేరింది. అతను మాస్టారి గడ్డం ఒక పక్క పూర్తిచేసి రెండో పక్క నురగ పూసి ఉన్నాడు. "మీ ఇంట్లో అందరికీ జ్వరాలటగా సార్! ముందు మీరు లేవండి!" అని తువ్వాలు రెండు వేళ్లతో లాగేశాడు. మాస్టారు నురగతోనే పరుగున వచ్చారు. వెనకే పిన్నిగారు పిలిపించిన డాక్టరుగారి కారు ఆగింది.

"మామయ్యగారూ, ఇవాళ్టి మాటేంటి?"

మాస్టారు ఆయాసపడుతూ అలవాటుగా అన్నారు. "వీ ఉంటుంది, అయిదక్షరాలు..."

"మామయ్యగారూ!"

"ఫీవరమ్మా, ఫీవర్!"

తాళం చూస్తే నాలుగక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. పిన్నిగారు చివరి చక్రం తిప్పకుండా పారిపోయారు. మాస్టారు ఆ ఒక్కటీ తిప్పగానే తాళం ఊడొచ్చింది.

డాక్టరుగారు ముగ్గురి నోళ్లలోనూ థర్మామీటరు పెట్టి చూసి పకపకా నవ్వారు. "ఈ ఇంట్లో ఫీవరున్నది తాళానికొక్కదానికే" అంటూ ప్లీడరుగారింటికి ఫోను కలిపారు. "నేనూ మీ పార్టీకేగా రావాలి. కేకు నా కార్లోనే తెస్తున్నా. మొదటి ముక్క నాకే!"

కేకు కారెక్కింది. పక్కన పిల్ల ఎక్కింది. మాస్టారు నురగ తుడుచుకుంటూ, "నేను కూడా వెళ్లి ఆ రెండో చెంప..." అన్నారు.

"మీరు లోపలే ఉండండి మామయ్యగారూ." కోడలు తాళం బయటివైపు వేసి చక్రాలు తిప్పేసింది. "కొత్త మాట పెట్టాను. వై ఉంటుంది, అయిదక్షరాలు."

"ఓస్, ఇంతేనా!" అన్నారు మాస్టారు.

క్లబ్బు ఆర్డర్లన్నీ సంపాదించుకుని తల్లీకూతుళ్లు మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. మాస్టారు ఒక పక్క గడ్డంతో గేటు లోపలే ఉన్నారు. బయట పిన్నిగారు చెమటలు కక్కుతూ చక్రాలు తిప్పుతున్నారు. హ్యాపీ, మనీ, పార్టీ, స్టోరీ అయ్యాయి. ఆఖరికి మెర్సీ కూడా అయింది.

"ఒక్క హింటు ఇవ్వవే తల్లీ!"

"అడిగితే వచ్చేది అరువు తాతయ్యా" అంది మనవరాలు.

కోడలు నవ్వాపుకుంటూ అయిదు చక్రాలూ తిప్పింది. తాళం తెరుచుకుంది. మాస్టారు వంగి చదివారు. సారీ.

స్పెల్లింగు రాక కాదు, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ వాడని మాట కావడంతో పాపం సమయానికి తట్టలేదు.