పగడాల తొట్టిలో గుడిదీర్ఘం

బిలాస్‌పూర్ తెలుగువారికి సముద్రం లేని లోటును మా తెలుగు వైభవ మండలి మొన్నటి శ్రావణంలో తీర్చింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల సముద్రం అది. అద్దాల తొట్టి ముంబయి నుంచి వచ్చింది, ఉప్పు ప్యాకెట్లలో వచ్చింది, నీళ్లు మాత్రం మన కుళాయివే. అందులో పద్నాలుగు పగడాలు, నాలుగు చారల చేపలు. దీన్ని చూస్తే పిల్లల్లో తెలుగుదనం దానంతటదే పొంగుతుందని మండలి అధ్యక్షులు, బ్యాంకులో పెద్ద అధికారి అయిన చంద్రమౌళి గారు గంటంపావు సేపు హిందీలో వివరించారు.

సముద్రానికి చోటు కావాలి కదా. హాలు పక్క గదిలో చిన్నారావు అనే రిటైరైన రైల్వే మనిషి ప్రతి శనివారం పదకొండు మంది పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతూ అడ్డంగా ఉండేవాడు. పిల్లలు గుణింతాల దాకా వచ్చారు. "ఇంకో రెండు నెల్లు ఆగండి బాబూ. ఒత్తులొచ్చేస్తే ఆళ్లే సదూకుంటారు. ఇప్పుడిడిసేస్తే అంతా మరిసిపోతారు," అన్నాడాయన. కమిటీ ఆ మాటను సానుభూతితో విని, తరగతిని బల్లలతో సహా మెట్ల కిందికి తరలించింది.

మండలి కృతజ్ఞత లేనిదని అనుకోకండి. చిన్నారావు లోకోషెడ్డు ల్యాబులో ముప్పై ఏళ్లు ఇంజన్ నీళ్లలో రంగు చుక్కలు వేసి, సున్నమెంత, క్షారమెంత అని చూసినవాడు. అందుచేత తొట్టి నీళ్ల బాధ్యత గౌరవపూర్వకంగా ఆయనకే అప్పగించారు. పగడం ఒళ్లు కట్టాలంటే నీళ్లలో సున్నమూ క్షారమూ తగుపాళ్లలో ఉండాలట. ఒకటి హద్దు మీరితే రెండోదాన్ని కూడా లాక్కుని అడుక్కి దిగిపోతుందట. "అత్తాకోడళ్లనుకోండి సార్. ఇద్దర్నీ ఒక్కపాలి బుజ్జగించకూడదు," అన్నాడు చిన్నారావు. కమిటీ నవ్వి, అధ్యక్షుల వైపు చూసి, మళ్లీ నవ్వింది.

అదే నెలలో మండలికి భాషాభిమానం ముదిరింది. హాల్లో ఇంగ్లీషు ముక్క కనిపించరాదని తీర్మానించారు. తీర్మానం ఇంగ్లీషులోనే ఉంది, ఫైలులో ఉంటుంది కనుక ఫరవాలేదు. తొట్టి నీళ్లలో వేసే మందు సీసాల మీది చీటీలు గీకేశారు. తెలుగు చీటీలు అచ్చుకు వెళ్లవలసి ఉంది. ఈలోగా చిన్నారావు పెళ్లికని విజయనగరం వెళుతూ గోడకి ఒక అట్ట తగిలించాడు: "సున్నం తగ్గితే సున్నం, క్షారం తగ్గితే క్షారం. చెంచాడు మాత్రమే."

కమిటీ మొత్తానికి తెలుగు చదవగల ఏకైక సభ్యుడు సాంస్కృతిక కార్యదర్శి ఓంకార్. కూడబలుక్కుని చదువుతాడు. దీర్ఘానికీ గుడిదీర్ఘానికీ తేడా చూపడు, అందర్నీ సమానంగా చూసే కుర్రవాడు. చిన్నారావు వెళ్లిన మూడో రోజు పొద్దున, ఆయన చూపినట్టే నీళ్లలో చుక్కలు వేస్తే అట్ట మీది రెండోదేదో తగ్గినట్టు రంగు తేలింది.

"క్షీరం తగ్గితే క్షీరం అని రాశారు అంకుల్. క్షీరం మత్‌లబ్ దూధ్ నా?" అని అధ్యక్షుల వారినడిగాడు.

"అచ్ఛా. మన పెద్దలకు తెలియనిది లేదయ్యా," అన్నారు చంద్రమౌళి గారు. చెంచాడు పోస్తే మండలి పరువేం కావాలి? మంగ్లా పేటలోని డెయిరీ నుంచి నాలుగు లీటర్ల పాలు తెప్పించారు.

నీళ్లు తెల్లబడగానే హాలు నిండిపోయింది. మండలిలో అందరికంటే పెద్దావిడ అప్పయమ్మ గారు ఆ నీళ్లే తీర్థంగా పుచ్చుకుని, ఉప్పగా ఉన్నా భక్తితో మింగారు. "దేవతలూ రాక్షసులూ అంత పెనుగులాడి చిలికిన క్షీరసాగరాన్ని మన కార్యవర్గం కేవలం నాలుగు లీటర్లతో సాధించింది," అని అధ్యక్షుల వారు ప్రసంగించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. చేపలు చివరిదాకా వినలేకపోయాయి. పగడాలు మర్నాటికి కుళ్లాయి. వాసన ఊరి చివర లాల్‌ఖదాన్ దాకా వెళ్లిందన్నది గిట్టనివాళ్ల ప్రచారం, అది స్టేషన్ దగ్గరే ఆగింది.

విచారణ సంఘం మూడు రోజుల్లో నిజం తేల్చింది: "ఓంకార్‌కు తెలుగు బొత్తిగా రాకపోయి ఉంటే ఈ దుర్ఘటన జరిగేది కాదు. మూలకారణం అరకొర తెలుగు. కనుక అట్టి తెలుగును ఉత్పత్తి చేయు శనివారపు తరగతిని శాశ్వతంగా రద్దు చేయడమైనది." తొట్టిని బయట పెట్టించగా ఖాళీ అయిన గదిని కార్యవర్గం విశ్రాంతికి కేటాయించారు.

పెళ్లి నుంచి వచ్చిన చిన్నారావు తొట్టి కడిగి, చేతులు తుడుచుకుని, "నీళ్లు పోతే మళ్లీ పట్టుకుంటాం. ఆ పిల్లలేటి సేసినారు బాబూ?" అని అడిగాడు. ఆ అంశం అజెండాలో లేదు.

రద్దు ప్రకటనను అచ్చ తెలుగులో రాసి తలుపుకి పెట్టమని ఆయనకే చెప్పారు. ఆయన రాశాడు: "తరగతి యథాప్రకారం శనివారం నాలుగింటికి, మా అబ్బాయి క్వార్టర్ వరండాలో. పెద్దలూ రావచ్చు. అ ఆల నుంచి మొదలు."

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. కమిటీ ఆ బోర్డు ముందు నిలబడి ఫోటో దిగి, కింద "తరగతి రద్దు" అని హిందీలో రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మూడు వందల పన్నెండు మంది బొటనవేలెత్తారు. నేనూ ఎత్తాను. చదవడం తర్వాత చూసుకోవచ్చనుకున్నాను, మీలాగే.

శనివారం వరండాకి ఓంకార్ ఒక్కడే వచ్చాడు. ఆ పదకొండు మంది పిల్లల తల్లిదండ్రులూ ఫోటోకి బొటనవేలెత్తినవారే. పిల్లల్ని మాత్రం పంపలేదు. తరగతి రద్దయిందని వాళ్లకు స్పష్టంగా తెలుసు.