మాస్టారు సరిదిద్దిన ఆకాశం

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. మేడమ్ తిన్నగా ఆఫీసుకు వెళ్లి తన ప్రసంగం మరోసారి చదువుకోవాలి. ఆవిడ భర్త, బళ్లో భూగోళం చెప్పే మాస్టారు, ప్రింటింగ్ షాపులో పోస్టర్ తీసుకుని ఆ ఆఫీసు హాల్లో తగిలించి, వెనక వరసలో కూర్చుని ప్రసంగం వినాలి. అందుకోసమే సెలవు కూడా పెట్టారు.

మేడమ్ పని ఎక్స్‌రేలతో అని తెలిసి అపార్ట్‌మెంట్‌లో వాళ్లు తమ మోకాళ్ల ఫిల్ములు తెచ్చి చూపిస్తుంటారు. ఆవిడ కొలిచే ఎక్స్‌రేలు మాత్రం ఒక దూరపు గెలాక్సీ నడిబొడ్డు నుంచి వస్తాయి. అక్కడున్న పెద్ద కృష్ణబిలం అందినదంతా మింగుతూ, మింగుడుపడనిదాన్ని గొట్టంలోంచి నీళ్లు చిమ్మినట్టు చిమ్ముతుంది. దాన్ని జెట్ అంటారు. అందులోంచి వచ్చే ఎక్స్‌రే తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలిచి, ఆ దిశ జెట్ వెంబడే ఉందని మేడమ్ తేల్చారు. ఆవిడ టెలిస్కోపులో జెట్ ఆకారం కనబడదు, చుక్క కనబడుతుంది. ఇన్నేళ్లుగా జెట్ అంటే ఆవిడకు ఒక కోణం, ఒక అంకె. బొమ్మ రేడియో టెలిస్కోపు వాళ్లది. దాన్ని సంపాదించి, మేడమ్ కొలతల్ని దానిమీద పసుపు గీతలుగా గీసి షాపుకు పంపింది పక్క సీటాయన. ప్రతిదాన్నీ శంకించే ఆయన్ని ఆఫీసంతా అనుమానం గారనే పిలుస్తుంది. ఆ రోజు వస్తున్న కమిటీకి నచ్చితే టెలిస్కోపు ఇంకో ఏడాది వాడుకోవచ్చు. నచ్చకపోతే మేడమ్ బృందం అక్కడితో సరి.

షాపులో మాస్టారు పోస్టర్ నమూనా చూశారు. బొమ్మ మూలన దిక్కులు వేశారు. ఉత్తరం పైన బాగానే ఉంది. తూర్పు ఎడమవైపు ఉంది. చదువుకున్నవాళ్లందరి ముందూ భార్య నవ్వులపాలవుతుందే అని ఆయన కంగారుపడ్డారు. ఫోన్ చేద్దామనుకుని, అసలే టెన్షన్‌లో ఉంటుందని మానేశారు.

షాపాయన ఆ అక్షరం ఒక్కటీ అటు మార్చేస్తే సరిపోతుందిగా అన్నాడు.

"అది మోసం. మార్చితే బొమ్మే మార్చాలి," అన్నారు మాస్టారు.

షాపాయన బొమ్మను అద్దంలో చూపించినట్టు తిప్పేశాడు. పసుపు గీతలు కంప్యూటర్లో వేరే పొరలో ఉన్నాయి కాబట్టి అవి తిరగలేదు. అవేమిటో ఇద్దరికీ తెలియదు. అందం కోసం వేసి ఉంటారని వదిలేశారు.

హాల్లో పోస్టర్ తగిలించాక మేడమ్ వచ్చి చూశారు. జెట్ వెంబడి పరుచుకోవలసిన గీతలు దాన్ని కత్తెర వేసినట్టు అడ్డంగా కోస్తున్నాయి. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అది స్టేజి భయమనుకున్న మాస్టారు మంచినీళ్ల సీసా అందించి, "అంతా నేను సరిచూశాను. నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నారు. ఆవిడ సీసా పట్టుకునే అనుమానం గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన పోస్టర్ చూడగానే ప్రోగ్రాములో ఎక్కడో మైనస్ గుర్తు ఎగిరిపోయి ఉంటుందనీ, తనకు మొదట్నుంచీ ఆ అనుమానం ఉందనీ చెప్పి, పోస్టర్‌కు సరిపోయేలా స్లైడ్లలో అంకెలు మార్చడం మొదలుపెట్టారు.

ఈలోగా డైరెక్టర్ వచ్చి పోస్టర్ ముందు నిలబడిపోయారు. జెట్‌లో అయస్కాంత క్షేత్రం పేనిన తాడులా మెలితిరిగి ఉంటుందనీ, తరంగాల దిశ జెట్ దిశతో కలవదనీ ఆయన ఎప్పట్నుంచో వాదిస్తున్నారు. ఎవరూ వినలేదు.

"ఇన్నాళ్లకి దిశ సరిగ్గా వచ్చిందయ్యా," అన్నారు డైరెక్టర్, పక్కనున్న మాస్టారితో.

"ఏదో, నా చేతనైన సాయం," అన్నారు మాస్టారు వినయంగా.

డైరెక్టర్ వెంటనే తెలిసిన విలేకరికి ఫోన్ చేసి రమ్మన్నారు. కమిటీ అధ్యక్షుడు డైరెక్టర్ వాదనకు ఆగర్భశత్రువు. ఆయన కూడా పోస్టర్ చూసి, జెట్‌లో పుట్టే అలజడి దానికి ఏటవాలుగా అడ్డం పడుతుందని తాను రాసిన మాటకు ఇదే సాక్ష్యమని తేల్చేశారు. ఒకే బొమ్మ ముందు నిలబడి ఇద్దరూ గెలిచారు. విలేకరి ఇద్దరి మాటలూ రాసుకున్నాడు. తాను చేసిన చిన్న దిద్దుబాటుకు ఇంత ఆదరణ వస్తుందని మాస్టారు కలలో కూడా అనుకోలేదు.

ప్రసంగం వేళ అయింది. మార్చిన స్లైడ్లే వేయమని అనుమానం గారు సైగ చేస్తున్నారు. మేడమ్ వాటిని వేయలేదు.

"ఈ బొమ్మకీ నా లెక్కకీ పొంతన కుదరడం లేదు. ఈ పసుపు గీతలు జెట్ వెంబడే ఉండాలి. తప్పు ఎక్కడుందో నాకు తెలీదు. తెలిసేదాకా ఈ రెండిట్లో దేన్నీ నమ్మమని అడగలేను."

పసుపు గీతలన్న మాట చెవిన పడగానే మాస్టారికి షాపులో తిప్పించిన బొమ్మ గుర్తొచ్చింది. కూర్చుంటే బాగుండుననిపించింది కానీ, అప్పటికే లేచి నిలబడి ఉన్నారు.

"వెంబడే ఉండేవండీ. పొద్దున నేను బొమ్మ తిప్పించకముందు."

"ఎందుకు తిప్పించారు?" అన్నారు అధ్యక్షుడు.

"తూర్పు ఎడమవైపు ఉందండీ. పిల్లలు అలా వేస్తే మేం మార్కులు తీసేస్తాం."

మేడమ్ కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. "మీరు భూమిని పైనుంచి చూస్తారు. మేం ఆకాశాన్ని కిందనుంచి చూస్తాం. అందుకే మాకు తూర్పు ఎడమవైపే వస్తుంది," అన్నారు, బళ్లో పాఠం చెప్పినంత మెల్లగా. నమ్మకం కుదరక అధ్యక్షుడు చేతిలోని కాగితం నెత్తిమీదికెత్తి, మెడ వెనక్కి వాల్చి చూశారు. ఆయన్ని చూసి కమిటీ అంతా కాగితాలు ఎత్తింది. మాస్టారు కూడా ఎత్తి చూసి, మెల్లగా దించుకున్నారు.

అంతవరకూ నోరు మెదపని ఒక సభ్యురాలు అప్పుడు మాట్లాడారు. "తప్పు బొమ్మకి పెద్దలిద్దరూ నిమిషంలో కారణం చెప్పారు. తెలీదన్నది ఈవిడ ఒక్కరే. టెలిస్కోపు ఈవిడ చేతిలోనే ఉండనివ్వండి." కాదనే ధైర్యం డైరెక్టర్‌కీ లేదు, అధ్యక్షుడికీ లేదు. ఏడాది గడువు దొరికింది.

ఇంటికి వెళ్లేటప్పుడు కారు మేడమే నడిపారు.

"నా మీద కోపమా?" అన్నారు మాస్టారు.

"లెక్క తప్పానేమోనని కోపమంతా పొద్దున నా మీదే ఖర్చయిపోయింది. మీదాకా ఏం మిగల్లేదు," అన్నారావిడ. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక కారు పక్కకు తీసి ఆపవలసి వచ్చింది.

విలేకరి రాసుకున్నది అతనికే అర్థం కాలేదు కాబోలు, మర్నాడు పేపర్లో గెలాక్సీ చిత్రంలో దిక్కుల తప్పు పట్టిన భూగోళం మాస్టారంటూ ఫొటోతో సహా వేశాడు. జరిగింది అది కాదని మాస్టారు హెడ్‌మాస్టరు గదికి వెళ్లి మొత్తుకున్నారు. హెడ్‌మాస్టరు ఆ వినయానికి ముచ్చటపడి, ఖాళీగా పడి ఉన్న ఫిజిక్స్ క్లాసులన్నీ ఆయనకే అప్పగించారు.