గొయ్యి పూడ్చిన అంపైర్

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో నేను అంపైర్ పక్షం. మిగతా ఊరంతా అటువైపు ఉంది కాబట్టి, ఇటు ఒకరైనా ఉండాలి.

ఆ ఉదయం ఆమె పని చిన్నదే. ఆటకు ముందు మైదానం చూడాలి, బాగుందని చెప్పాలి, ఆడించాలి. ఆమె ఒంటరిగా నిలబడుతున్న మొదటి మ్యాచ్ అది. గట్టెక్కితే లీగ్‌లో పక్కా అంపైర్. మార్కులు వేయడానికి సీనియర్ అంపైర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక జట్టు కెప్టెన్ ఆమె సొంత తమ్ముడు కావడం వేరే తలనొప్పి.

వికెట్లు, గీతలు, తాడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బౌండరీకి కాస్త లోపల మాత్రం, గడ్డి చాటున మోకాలి లోతు గొయ్యి.

"ఇందులో కాలు పడితే అంతే సంగతులు. పూడ్చేయండి బాబాయ్," అంది గ్రౌండ్ చూసుకునే ఆయనతో.

"దానికి మూత ఉండాలమ్మా. అది..."

"మూత దొరికేదాకా ఆగలేం కదా. మట్టి పోయండి."

"ఒక్క మాట వినమ్మా..."

"బాబాయ్, మైదానం బాధ్యత నాది."

అంపైర్ మాటకు ఎదురు చెప్పకూడదని ఆయనకు ఏళ్ల తరబడి నూరిపోశారు. నోరు మూసుకుని మట్టి పోసి, దిమ్మిసతో గట్టిగా దంచాడు.

టాస్ వేసేలోపే మైదానం నలుమూలలా నీళ్లు చిమ్మడం మొదలైంది.

"ఇవేంటి బాబాయ్?"

"గడ్డికి నీళ్లమ్మా. టైమైతే వాటంతటవే వస్తాయి."

"కట్టేయండి మరి."

"కట్టే వాల్వ్ గోతిలో ఉందమ్మా."

ఏ గొయ్యి అని ఆమె అడగలేదు. ఉన్నది ఒక్క పార. అందుకని తమ్ముడు బ్యాట్‌తో తవ్వాడు. అది విరిగింది.

"అక్కా, నా లక్కీ బ్యాట్."

"గ్రౌండ్‌లో అక్కా అనకు."

"సరే అంపైర్ గారూ, అమ్మ కొనిచ్చిన బ్యాట్. ఇంటికెళ్లాక అమ్మకి మీరే చెప్పుకోండి."

వాల్వ్ బయటపడేసరికి పిచ్ మీద చెప్పులు తేలుతున్నాయి. సీనియర్ నిలువునా తడిసినా కుర్చీలోంచి లేవలేదు. ఆమె నీళ్లలోనే పిచ్ మధ్యకు నడిచింది.

"మైదానం ఆటకు పనికిరాదు. మ్యాచ్ రద్దు."

"ఎవరివల్లో కూడా చెప్పండి," అన్నాడు తమ్ముడు.

"నావల్లే."

అప్పుడు నోరు విప్పాడు సీనియర్. "పాసయ్యావమ్మా. చూడటంలో ఫుల్ మార్కులు, వినడంలో సున్నా. అయినా అంపైర్లలో వినేవాళ్లెవరున్నారులే."

"చూడటంలో ఫుల్ మార్కులా సార్?"

"గొయ్యి కనిపెడతావో లేదోనని మూత నేనే తీయించాను." కాళ్లు పక్కకు జరిపి, కుర్చీ కింద ఉన్న ఇనప మూత చూపించాడు.

"నేను చెప్పబోయింది అదేనమ్మా," అన్నాడు బాబాయ్.

మీరూ ఎప్పుడైనా ఇలాంటి గొయ్యి పూడ్చి ఉంటే నాకు రాయండి. ఇంకా పూడ్చకపోతే, ముందు కుర్చీల కింద చూడండి.