వేదిక మీద తెల్ల కుర్చీ

మహిళా ఆరోగ్య శాఖ మంత్రిగారి ఇంట్లో కుర్చీ సంక్షోభం ఇంకా ఒక కొలిక్కి రాలేదు. స్త్రీల ఆరోగ్యం కోసం ఆయన తలపెట్టిన చారిత్రక మహాసభలో, వేదిక మీద ఆయన పక్కన భార్య మూడు గంటలు కూర్చోవాలి. కుర్చీలన్నిటికీ తెల్లటి కవర్లు. ఆవిడ కూర్చోనంటోంది.

ఎందుకో మంత్రిగారికి తెలుసు. ఏడాదిగా నెలసరి వచ్చిందంటే ఆవిడకు వారం పైన వరదే. ఘడియకోసారి బాత్రూముకి పరుగు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ముఖం సున్నం కొట్టిన గోడ. అయితే మంత్రిగారు సంస్కారవంతులు. ఆ మాట నోటితో అనరు. ఇంట్లో "ఆ ఇబ్బంది" అంటారు, శాసనసభలో "సంబంధిత అంశం" అంటారు.

ముదురు ఎరుపు కవర్లు వేయిస్తే ఏ భయమూ ఉండదని కోడలు సలహా ఇచ్చింది. పీఏకి చెమటలు పట్టాయి. ఎరుపు ప్రతిపక్షం జెండా రంగు. నలుపయితే నిరసన అనుకుంటారు. నీలం, మన పార్టీలోంచి చీలిపోయినవాళ్లది. మంత్రిగారు వెంటనే రంగుల కమిటీ వేశారు. సభ్యులందరూ మీసాలున్నవాళ్లే.

ఆవిడ కమిటీ కోసం ఆగలేదు. డాక్టరమ్మ దగ్గరకు వెళ్లింది. పరీక్షలన్నీ చేసి, వేరే జబ్బేమీ లేదని తేల్చాక, డాక్టరమ్మ ఎండోమెట్రియల్ అబ్లేషన్ గురించి చెప్పింది. పొట్ట మీద కోత లేదు, కుట్లు లేవు. సన్నటి పరికరం లోపలికి పంపి గర్భసంచి లోపొరను వేడితో కాల్చేస్తారు. సంచి ఎక్కడిదక్కడే ఉంటుంది. మామూలుగా సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. చాలామందికి రక్తస్రావం బాగా తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. ఇక పిల్లలు వద్దనుకున్నవాళ్లకే చేస్తారు. కోడలొచ్చాక నాకు పిల్లలేమిటని ఆవిడ నవ్వి, తేదీ తీసుకుని వచ్చింది.

మర్నాడే ఆ తేదీ రద్దయింది. మహాసభ కూడా ఆ రోజే. మహాసభ ఖాళీగా కనబడకూడదని, లేడీ డాక్టర్లందరూ ఆ రోజు ప్రేక్షకులుగా హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. సంతకం మంత్రిగారిదే.

"మీ సభ వల్ల నా ఆపరేషన్ ఆగిపోయిందండీ" అందావిడ.

"నీలాంటివాళ్ల కోసమే కదా నేను అంతసేపు మాట్లాడబోయేది" అన్నారాయన ఆప్యాయంగా. "వచ్చి విను."

"వింటే తగ్గుతుందా?"

మంత్రిగారు గంభీరంగా ఆలోచించి, ఈ ప్రశ్నను కూడా కమిటీకి పంపమని పీఏకి చెప్పారు.

సభకు ముందురోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర అందరికీ మంచినీళ్లు పోస్తూ ఆవిడ మామూలు గొంతుతో చెప్పింది. రేపే తన ఆపరేషన్. తామంతా సభకొస్తే ఆసుపత్రి ఎవరు చూస్తారంటూ లేడీ డాక్టర్లందరూ రామని రాసిచ్చేశారట. కోడలు తాను అత్తయ్యకు తోడు వెళ్తున్నానంది. స్వాగతోపన్యాసం చేయాల్సిన మంత్రిగారి చెల్లెలు, తనదీ అదే బాధని, వదినతో పాటు వెళ్లి చూపించుకుంటానని నెమ్మదిగా అంది.

మంత్రిగారి చేతిలో గ్లాసు గాలిలోనే ఉండిపోయింది.

"మరి సభలో ఆడవాళ్లు?"

 పీఏ వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి ముఖం విప్పారింది. గ్లాసు కింద పెట్టి, కుటుంబమంతటికీ తమ నిర్ణయం మెల్లగా ప్రకటించారు.

"సభ యథాతథంగా జరుగుతుంది. ఆడవాళ్లెవరూ ఉండరు గనక, విషయం మొహమాటం లేకుండా చర్చించుకోవచ్చు."